మొదటి వెల్డింగ్ మిషను

మన అభ్యుదయ సాహిత్యంలో వెల్డరు ఉన్నాడు గాని వెల్డింగ్ మిషను లేదు. శ్రమజీవి అనగానే మన రచయితకు కొలిమీ, సుత్తీ, నిప్పురవ్వలూ కనబడతాయి. ఆ రవ్వలు ఏ పనిముట్టులోంచి వస్తున్నాయో, దాని ఖరీదెంతో, ఎవరి డబ్బుతో కొన్నారో, అది ఎంత కరెంటు తాగుతుందో ఆయన చెప్పడు. ఎద్దుల ఖరీదు తెలియనివాడు రైతు కథ రాస్తే మన పాఠకుడు ఊరుకోడు. వెల్డరు విషయంలో ఊరుకుంటున్నాడంటే, పాఠకుడికి కూడా తెలియదన్న మాట.

నాకు తెలుసుకోవలసిన అవసరం కలిగింది. మా అక్క కొడుకు నల్లగొండ జిల్లానుంచి వచ్చి అమీర్‌పేటలో కంప్యూటరు కోర్సులో చేరాడు. మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో అటువంటి కుర్రవాళ్ళు వేలమంది ఉంటారు. హాస్టలు గదికి నలుగురు, ఇనప మంచం మీద ఇంకో ఇనప మంచం. మూడు నెలల తరవాత వాడు నా దగ్గరకు వచ్చి, రెండో వాయిదా ఫీజు కట్టనన్నాడు.

“మామా, నా మంచం కాలు ఇరిగింది. ఒకాయనొచ్చి పది నిమిషాల్ల అతికిచ్చి మున్నూరు తీస్కపోయిండు. ఆ హాస్టల్ల నూటఇరవై మంచాలున్నయ్. నేను గా పని నేర్చుకుంట” అన్నాడు.

చదువు మధ్యలో మానేస్తున్నాడని మా అక్క ఏడ్చింది. నేను ఏడవలేదు గాని సంతోషించానని కూడా చెప్పలేను. మధ్యతరగతి ఉపాధ్యాయుడు శ్రమను ఎంతైనా గౌరవిస్తాడు, తన ఇంట్లోవాడు చేయనంత వరకు. అయినా వాడి లెక్కలో తప్పు కనబడలేదు. కట్టకుండా మిగిలిన ఫీజు ముప్ఫైరెండువేల రూపాయలు. అది మా అక్క కంది అమ్మిన డబ్బు. ఈ డబ్బుతో మిషను కొనాలి, తప్పు మిషను కొంటే రెండోసారి కొనడానికి డబ్బు లేదు. సమస్య ఇదీ.

నేను కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతాను. ట్రాన్స్‌ఫార్మరు బొమ్మ నల్లబల్లమీద కొన్ని వందలసార్లు వేసివుంటాను. ఎడమవైపు ఎక్కువ చుట్లు, కుడివైపు తక్కువ చుట్లు, మధ్యన ఇనుము. వోల్టేజి తగ్గితే కరెంటు పెరుగుతుంది. వెల్డింగ్ మిషను యావత్తూ ఇంతేనని చెప్పి ఒక పరీక్ష ప్రశ్నతో ముగించవచ్చు. దుకాణంలో ఇది ఏ మాత్రమూ చాలదు.

ఖైరతాబాద్‌లో మా ఇంటికి దగ్గరలోనే, చింతల్‌బస్తీ వైపు వెళ్ళే సందులో, ఒక ముసలి మేస్త్రి రేకుల షెడ్డు ఉంది. అందరూ ఆయన్ను ఉస్తాద్ అంటారు. నలభై ఏళ్ళుగా గ్రిల్లులూ, గేట్లూ, దుకాణాల బోర్డులకు చట్రాలూ చేస్తున్నాడు. మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని ఆయన దగ్గరకు పోయి, ఏ మిషను కొనమంటారు అని అడిగాను.

“మిషన్ తర్వాత సారు. ముందుగాల కరెంట్ చూడాలె. మీ పోరడు పని యాడ చేస్తడు? ఆడ ఏం కరెంటుంది?” అన్నాడాయన.

నేను ఇంటికి వచ్చి లెక్క వేశాను. రెండున్నర మిల్లీమీటర్ల రాడ్డు కాలడానికి సుమారు 80 ఆంపియర్లు కావాలి. ఆర్కు దగ్గర వోల్టేజి 23 మాత్రమే. అంటే సుమారు 1,850 వాట్లు. మిషనులో పోయే నష్టాన్నీ, పవర్ ఫాక్టరునూ కలుపుకుంటే గోడలో ఉన్న 230 వోల్టుల సాకెట్టు నుంచి అది 14 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఇళ్ళల్లో గీజరుకూ ఏసీకీ పెట్టే పెద్ద సాకెట్టు 16 ఆంపియర్లది గనక పని జరుగుతుంది. అదే 3.15 మిల్లీమీటర్ల రాడ్డును 120 ఆంపియర్లమీద కాలిస్తే గోడనుంచి 23 ఆంపియర్ల దాకా కావాలి. ఆ సాకెట్టు ఇవ్వలేదు. ఫ్యూజు పోతుంది, లేదా గోడలో తీగ వేడెక్కుతుంది. రెండోది మొదటిదానికన్నా ప్రమాదకరం, ఎందుకంటే వెంటనే తెలియదు.

కాబట్టి మా వాడు 250 ఆంపియర్ల మిషను కావాలని పట్టుబట్టడంలో అర్థం లేదు. సింగిల్ ఫేజు ఇంట్లో దాని సామర్థ్యంలో మూడోవంతుకన్నా వాడలేడు. పైగా వాడు చేయదలచిన పనికి అంత అక్కర్లేదు. హాస్టలు మంచం గొట్టం రెండు మిల్లీమీటర్ల మందం కూడా ఉండదు. కిటికీ గ్రిల్లుకు వాడే చదరపు కడ్డీకి సన్నరాడ్డే చాలు. దుకాణాల్లో దీన్ని 12 గేజి అనీ, దానిపైదాన్ని 10 గేజి అనీ అంటారు. అంకె పెరిగినకొద్దీ రాడ్డు సన్నబడుతుంది. ఈ తిరకాసు తెలియక పెద్ద అంకె పెద్ద రాడ్డు అనుకుని కొనుక్కుపోయే కొత్తవాళ్ళు రోజూ వస్తారని దుకాణదారు నవ్వాడు.

ఇక అసలు తగాదా పాత డబ్బాకూ కొత్త డబ్బాకూ మధ్య. ఉస్తాద్ దగ్గర ఉన్నది నూనెలో మునిగివున్న ట్రాన్స్‌ఫార్మరు. ఇద్దరు మనుషులు లేపాలి. రెండు ఫేజుల మధ్య కలిపితే వచ్చే 415 వోల్టులమీద నడుస్తుంది. దానిలో కదిలే భాగం లేదు, పాడయ్యే ఎలక్ట్రానిక్ భాగం లేదు. తీగచుట్ట కాలితే మోటార్లు చుట్టేవాడెవడైనా చుట్టియిస్తాడు. కొత్తది ఇన్వర్టరు. ఇది గోడనుంచి వచ్చే కరెంటును ముందు డీసీ చేసి, ట్రాన్సిస్టర్లతో సెకనుకు కొన్ని పదుల వేలసార్లు తెంచి, చిన్న ట్రాన్స్‌ఫార్మరులోంచి పంపి, మళ్ళీ డీసీ చేస్తుంది. సెకనుకు 50సార్లు మారే కరెంటుకు పెద్ద ఇనపదిమ్మె కావాలి. వేలసార్లు మారేదానికి పిడికెడు దిమ్మె చాలు. అందుకనే ఇన్వర్టరు అయిదారు కిలోలు తూగుతుంది, భుజాన వేసుకుని నాలుగో అంతస్తుకు ఎక్కవచ్చు. డీసీ గనక ఆర్కు నిలకడగా ఉంటుంది, కొత్తవాడి చేతికి రాడ్డు తక్కువగా అంటుకుంటుంది.

దీని జబ్బులు దీనికున్నాయి. లోపలి ఫాను గాలితోపాటు గ్రైండరు చిమ్మే ఇనపరజనును కూడా పీల్చుకుంటుంది. ఆ రజను సర్క్యూటు బోర్డుమీద పేరుకుంటే ఒకరోజు టప్పుమంటుంది. అప్పుడు చుట్టేవాడు పనికిరాడు, బోర్డు మరమ్మతు చేసేవాడు కావాలి. వాడు ఊళ్ళో లేకపోతే మిషను పాతసామాన్లవాడికి పోతుంది.

“కాలితే నాది చుట్టిపిస్త, మల్ల ఇరవయ్యేండ్లు నడుస్తది. దాన్నేం జేస్తవ్?” అన్నాడు ఉస్తాద్.

“నీ డబ్బా ఆటోల పెట్టుకపోవాలె ఉస్తాద్. కిరాయికే అయిపోతయ్ పైసలు” అన్నాడు మా వాడు.

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఉస్తాద్‌కు షెడ్డు ఉంది, పని ఆయన దగ్గరకు వస్తుంది. మా వాడికి షెడ్డు లేదు, వాడే పని దగ్గరకు పోవాలి. అమీర్‌పేటనుంచి పంజాగుట్ట, ఇర్రంమంజిల్ మీదుగా ఖైరతాబాద్ దాకా మెట్రో స్తంభాల కింద వాడి స్కూటరు తిరగాలి. మిషను ఎంపిక మిషను గుణంమీద కాక, దాన్ని కొనేవాడికి జాగా ఉందా లేదా అన్నదానిమీద ఆధారపడింది. ఈ సంగతి కంపెనీలు అచ్చువేసే కాగితాల్లో ఉండదు.

ఈ సాధనం పుట్టుక గురించి రెండు మాటలు చెప్పాలి. ఆర్కును మంటలాగా వాడి లోహాలను అతకవచ్చునని 1880లలో చూపించినవాడు నికొలాయ్ బెనార్దోస్. తన పద్ధతికి గ్రీకుల కమ్మరిదేవుడి పేరు కలిసేలా పేరు పెట్టుకున్నాడు. మనవాడైతే విశ్వకర్మ పేరు పెట్టివుండును. ఆయన బొగ్గుకడ్డీ వాడాడు. 1888లో నికొలాయ్ స్లావ్యనోవ్ బొగ్గుకు బదులు లోహపుకడ్డీనే కరిగించాడు. ఆ కడ్డీకి పైపూత పూసినవాడు స్వీడనుకు చెందిన ఆస్కార్ చెల్బెర్గ్, ఈ శతాబ్దానికి ముందరి శతాబ్దపు తొలి దశకంలో. ఆ పూత కాలి గాలిని దూరంగా ఉంచుతుంది, కరిగి అతుకుమీద పెంకులాగా కప్పుతుంది. చింతల్‌బస్తీలో ఇవాళ కాలుతున్న రాడ్డు స్వరూపంలో ఆ రాడ్డే. తరవాత కీవ్ నగరంలో యెవ్‌గెనీ పాటన్ 1934లో వెల్డింగ్ పరిశోధనకే ఒక సంస్థ స్థాపించాడు. యుద్ధకాలంలో ట్యాంకుల కవచాలను యంత్రంతో అతికే పద్ధతి ఆ సంస్థదే. నీపర్ నదిమీద ఒక్క రివెట్టు కూడా లేకుండా అతికిన కిలోమీటరున్నర వంతెన 1953 నవంబరులో తెరిచారు; పాటన్ అది చూడకుండానే ఆ ఆగస్టులో చనిపోయాడు. మన దేశంలో అద్వానీ-ఓర్లికాన్ 1951లో మొదలైంది. మా క్లాసులో మాక్స్‌వెల్ పేరు వస్తుంది, ఫారడే పేరు వస్తుంది, ఈ పేర్లు ఎప్పుడూ రాలేదు.

రాణీగంజ్‌లో మిషన్లమ్మే దుకాణాలు వరసగా ఉన్నాయి. నాలుగింట్లో అడిగాం. ప్రతి డబ్బామీదా 200 అనో 250 అనో పెద్ద అక్షరాలతో ఉంది. వెనకవైపు అతికించిన చిన్న రేకుమీద ఉన్నదే నిజం. అక్కడ డ్యూటీ సైకిల్ అని ఒక పట్టీ ఉంటుంది. పది నిమిషాల్లో ఎన్ని నిమిషాలు ఆపకుండా కాల్చవచ్చునో ఆ శాతం చెబుతుంది. మేము చూసిన ఒకదానిమీద 200 ఆంపియర్ల దగ్గర 30 శాతం, 140 దగ్గర 60 శాతం, 110 దగ్గర 100 శాతం అని ఉంది. అంటే రోజంతా నమ్మదగ్గది 110 మాత్రమే. మావాడికి కావలసింది 80 గనక ఇది సరిపోతుంది. ఇంకో దుకాణంలో అంతకన్నా చౌకగా ఉన్నదానిమీద అసలు ఆ రేకే లేదు. అడిగితే, “అన్నీ ఒకటే సార్, పైన డబ్బా మారుతది” అన్నాడు. రేకు లేని మిషనును వదిలేశాం. కొనేవాళ్ళందరూ చూడవలసిన సంగతి ఇంకొకటి ఉంది: ఆ శాతం ఏ ఉష్ణోగ్రత దగ్గర లెక్కించారో. 40 డిగ్రీలని రాసివుంటే కొంత నమ్మవచ్చు. అంతకన్నా తక్కువ రాసివున్నది చలిదేశపు లెక్క. మే నెలలో రేకులషెడ్డు కింద పనికిరాదు.

ఇక్కడ నాకొక ఆలోచన వచ్చింది, విషయానికి కొంచెం దూరమైనా చెబుతాను. నాలుగువందల రూపాయల ట్రాన్సిస్టరు వేడెక్కకుండా మిషనులో ఒక కాపలా ఉంది. అది మితిమీరితే పసుపుపచ్చ దీపం వెలిగి మిషను తనంతట తాను ఆగిపోతుంది, చల్లబడేదాకా ఎవరు తిట్టినా కదలదు. పట్టుకున్న మనిషికి అటువంటి రేకు ఎవరూ అతికించలేదు. ఖైరతాబాద్ వినాయకుణ్ణే తీసుకోండి. 1954లో సింగరి శంకరయ్య ఒక అడుగు బొమ్మతో మొదలుపెట్టినది 2024లో 70 అడుగులయింది. జనం చూసేది మట్టిని, రంగును. లోపల ఉన్నది వెల్డింగ్ చేసిన ఇనప అస్థిపంజరం. నిమజ్జనానికి ముందురాత్రి దాన్ని ట్రయిలరుమీదకు ఎక్కించి, కదలకుండా మళ్ళీ వెల్డింగ్ చేస్తారు. ఆ రాత్రి కొన్ని లక్షలమంది ఊరేగింపు కోసం ఎదురుచూస్తుంటారు గనక, ఏ వెల్డరూ పది నిమిషాల్లో ఆరు నిమిషాల లెక్క అడగలేడు. భక్తి సంగతి నేను మాట్లాడటం లేదు, పనిగంటల సంగతి మాట్లాడుతున్నాను.

మిషనుకు తొమ్మిదివేల నాలుగువందలయింది. దుకాణదారు దానితోపాటు ఒక ప్లాస్టిక్ చేతిఅద్దం ఉచితంగా ఇచ్చాడు. మావాడు దాంతో తృప్తిపడి మిగిలిన డబ్బుతో డ్రిల్లు కొందామన్నాడు. ఈ ఒక్కచోట నేను మొండికెత్తాను.

వెల్డింగ్ ఆర్కు నుంచి వచ్చే అతినీలలోహిత కాంతి కంటిపొరను కాల్చేస్తుంది. కాలిన వెంటనే ఏమీ తెలియదు. కొన్ని గంటల తరవాత, సాధారణంగా రాత్రి పడుకున్నాక, కళ్ళల్లో ఇసుక పోసినట్టు మొదలవుతుంది. మన వెల్డర్లు ఆలుగడ్డ ముక్కలు పెట్టుకుని తెల్లవారేదాకా కూర్చుంటారు. ఉస్తాద్‌కు అది లెక్కలేనన్నిసార్లు జరిగింది. ఇవాళ ఆయన గేటుమీద అతుకును వేలితో తడిమి చూసుకుంటాడు. చేతిఅద్దం పట్టుకుంటే ఒక చెయ్యి దానికే పోతుంది, ముక్కను పట్టుకోవడానికి చెయ్యి ఉండదు. అందుకనే పనివాడు అద్దం పక్కనపెట్టి, కళ్ళు మూసుకుని, ఒక చుక్క అంటిస్తాడు. రోజుకు రెండువందల చుక్కలు. ఇది వాడి అజ్ఞానం కాదు, వాడికి మూడో చెయ్యి లేకపోవడం. తలకు తొడుక్కునే శిరస్త్రాణం, ఆర్కు వెలగగానే తనంతట తాను నల్లబడే అద్దంతో, వేరే కొన్నాం. ఈ కరెంట్లకు 10వ నంబరు నలుపు కావాలి. తోలు చేతొడుగులు, తోలు ఏప్రను, పొగకు మాస్కులు, అన్నీ కలిపి నాలుగువేల మూడువందలు. మిషను ఖరీదులో దాదాపు సగం. మా వాడు ముఖం ముడుచుకున్నాడు.

పొగ సంగతి ఇంకా తక్కువమందికి తెలుసు. ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ 2017లో వెల్డింగ్ పొగను మనుషులకు క్యాన్సరు తెచ్చే మొదటి తరగతిలో చేర్చింది. పొగాకు కూడా ఆ తరగతిలోదే. సిగరెట్టు పెట్టెమీద బొమ్మ వేస్తారు. రాడ్డు పెట్టెమీద చిన్న అక్షరాలతో ఏదో ఉంటుంది, చీకటి షెడ్డులో ఎవరూ చదవరు. జింకుపూత ఉన్న గొట్టం అతికితే ఇంకో రకం బాధ. జింకు 907 డిగ్రీల దగ్గరే ఆవిరవుతుంది, ఇనుము కరగడానికి 1538 కావాలి. అంటే ఇనుము కరగకముందే జింకు పొగై ముక్కులోకి పోతుంది. సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది, మర్నాటికో ఆ మర్నాటికో తగ్గుతుంది, మలేరియా కాబోలు అనుకుంటారు. పూతను గ్రైండరుతో ముందే తీసేయాలి, గాలి వచ్చేచోట కూర్చోవాలి.

ఉస్తాద్ ఒక షరతు పెట్టాడు. “కొత్త మిషన్ ఇప్పుడే ఇప్పకు. నా డబ్బా మీద నెలదినాలు రాడ్డు కాల్చు.” ఏసీమీద నేర్చినవాడికి డీసీ వెన్నలాగా ఉంటుందని ఆయన వాదం. ఫీజు తీసుకోలేదు. ఐతే ఆ నెలరోజులూ షెడ్డులో గ్రైండింగు యావత్తూ మా వాడిచేతనే చేయించాడు. ఇది దోపిడీయా, గురుదక్షిణా అని నా స్నేహితుడైన అర్థశాస్త్రం మాస్టారు ఒక సాయంత్రమంతా వాదించాడు. మా వాణ్ణి అడిగితే, టీలు ఉస్తాదే పోయించాడన్నాడు.

ఆ నెలలో నేను రోజూ సాయంత్రం అక్కడ కూర్చుని చూశాను. మొదట చెప్పిన నిప్పురవ్వల సంగతి అక్కడే తేలింది. ఆర్కు పొడుగైతేనో, కరెంటు ఎక్కువైతేనో, రాడ్డు తడిసివుంటేనో రవ్వలు బాగా చిట్లుతాయి. అవి ముక్కమీద ముత్యాల్లాగా అతుక్కుంటే మళ్ళీ గీకుకోవాలి. చేయి తిరిగినవాడి ఆర్కు రాడ్డు మందమంత పొట్టిగా ఉంటుంది. గారెలు వేగుతున్నట్టు సన్నని చప్పుడు వస్తుంది, రవ్వలు కొద్దిగానే ఉంటాయి. పత్రికల్లో వెల్డరు అని వేసే బొమ్మలో పువ్వొత్తిలాగా రవ్వలు చిమ్ముతున్నాయంటే అది చాలాసార్లు గ్రైండరు బొమ్మ, వెల్డింగ్‌ది కాదు. మన గేయకర్తలు ఇన్నేళ్ళుగా విప్లవానికి సంకేతంగా వాడుతున్న ఆ రవ్వలు ఉస్తాద్ దృష్టిలో నేర్పులేనితనానికి గుర్తు. మా వాడు మొదటివారంలో బ్రహ్మాండంగా రవ్వలు చిమ్మించాడు. “దీపావళి చేస్తున్నవా? దగ్గరికి పట్టు” అని ఉస్తాద్ అరిచాడు. ఈ కేకను ఏ కవిసమ్మేళనంలోనైనా వినిపిస్తే బాగుండుననిపించింది.

నాలుగోవారం చివర రెండు ముక్కలు టీ ఆకారంలో అతికి, వైసులో బిగించి, సుత్తితో కొట్టించాడు. మొదటిది అతుకు దగ్గరే విడిపోయింది. లోపల నల్లగా స్లాగు ఉండిపోయింది, పైన మాత్రం అందంగా ఉంది. రెండోది వంగింది గాని ఊడలేదు. పది కొట్టించాక ఏడు నిలిచాయి. నూరుకు డెబ్బై వస్తే మా కాలేజీలో మొదటితరగతి. ఉస్తాద్ ఒప్పుకోలేదు. మంచంమీద పిల్లలు పడుకుంటారు, పైమంచం ఊడితే కిందివాడిమీద పడుతుంది, పదికి పదీ నిలవాలన్నాడు. ఇంకో పదిరోజులు పట్టింది.

ఇప్పుడు మిషను విప్పారు. మా ఇంటి వెనక వసారాలో ఉంది. వైరింగు, ఎర్తు, బ్రేకరు పెట్టించడానికి నాలుగువేల ఎనిమిదివందలయింది. సొంతానికి నేర్చుకునే పని ఐతే ఇంటి కరెంటు చాలు. వ్యాపారం చేస్తే ఇంటికిచ్చిన కనెక్షనుమీద చేయడానికి వీల్లేదు, వేరే మీటరు కావాలి. దానికి ఇల్లుగలాయన సంతకం పెట్టాలి. ఆయన గ్రైండరు చప్పుడంటే ఒప్పుకోనంటున్నాడు, తన మేడమెట్లకు రెయిలింగు చేసిపెడితే ఆలోచిస్తానంటున్నాడు. మావాడు కొలతలు తీసుకున్నాడు. ఇనుము ఖరీదు ఎవరిదన్న సంగతి ఇంకా తేలలేదు. ఈలోగా మంచాల పని వాళ్ళ హాస్టళ్ళ దగ్గరే, వాళ్ళ కరెంటుమీదే, 12 గేజి రాడ్డుతో నడుస్తోంది. ఇప్పటికి ఇరవైమూడు మంచాలయ్యాయి.